పునాది తవ్వేముందు చుట్టుపక్కలను త్రీడీ మోడల్‌లోకి తెచ్చుకోండి: విజయవాడ సైటుకు ఎలా చేయాలి

మీ ప్లాటు 600 గజాలు అనుకుందాం. ఉచితంగా దొరికే ఎత్తుల పటాల్లో ఒక్కో గడి 30 మీటర్లకు 30 మీటర్లు ఉంటుంది. గజాల్లో చెబితే 1,076. అంటే మీ స్థలమంతటికీ కలిపి ఒక్క అంకె కూడా సొంతంగా రాదు. పక్కవాళ్ల మేడతో, ఎదురింటి వేపచెట్టుతో పంచుకున్న అంకె ఒకటి వస్తుంది. ఆ అంకెను నమ్ముకుని ప్లింత్ (ఇంటి కింది పీఠం) ఎంత లేపాలో, మెరక ఎన్ని టిప్పర్లు తోలించాలో తేల్చేస్తున్నవాళ్లను చూస్తున్నాను. విజయవాడలో అది ప్రమాదం. కొండల దగ్గర తప్ప ఇక్కడ నేల బల్లపరుపు. ఒక్క మీటరు తేడాతో ఒక వీధి మునుగుతుంది, పక్క వీధి పొడిగా ఉంటుంది.

అలాగని ఆ పటాలు పనికిరానివి కావు. దూరానికి అవి చాలు, దగ్గరికి మాత్రం మీరు కొలిచిన లెవెళ్లే, అంటే ఒక్కో చోట నేల ఎత్తులే, కావాలి. ఆ రెంటినీ ఒకే లెవెల్‌కి కట్టడమే అసలు పని. కింద చెప్పినదంతా క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌తో చేయవచ్చు. చివర్లో త్రీడీ కోసం బ్లెండర్ గానీ, స్కెచప్ గానీ, మీ ఆఫీసులో రెవిట్ ఉంటే అది గానీ వాడండి.

ఎంత దూరం వెళ్లాలి

కంప్యూటర్ తెరిచే ముందు, ఈ మోడల్‌ను ఏమేం అడగబోతున్నారో కాగితం మీద రాసుకోండి. కాంక్రీటు మిక్సర్ ఎక్కడ నిలబడుతుంది? బూమ్ పంపు (కాంక్రీటును పైకి తోసే బండి) చెయ్యి ఎటు తిరుగుతుంది? సెల్లార్ తవ్వితే పక్కింటి పునాది ఎంత దూరంలో ఉంటుంది? వాన నీళ్లు ఎటు పోతాయి? పక్క మేడ నీడ ఎక్కడ పడుతుంది? ఒక్కో ప్రశ్నకు ఒక్కో దూరం. నీడకు నూరు మీటర్లు చాలు. మిక్సర్‌కు మెయిన్ రోడ్డు దాకా ఉన్న దారంతా కావాలి. పునాది ప్రశ్నకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్లు చాలు, కానీ వాటిని బాగా దగ్గరగా చూడాలి.

నీళ్ల ప్రశ్నకే అందరూ తక్కువ దూరం తీసుకుంటారు. 2024 సెప్టెంబరు 1న అజిత్‌సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు నీళ్లు కృష్ణ వైపు నుంచి రాలేదు. బుడమేరు వాగుకు గండ్లు పడి వెనక నుంచి వచ్చాయి. ఆ ప్రాంతంలో కట్టేవాళ్లు నది ఎంత దూరమో చూసుకుని ఊరుకుంటే సరిపోదు, బుడమేరు దాకా మోడల్ సాగాలి. ఆ ముందు రోజే మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. అందుకే మొగల్రాజపురం, గుణదల, ఇంద్రకీలాద్రి వాలుల్లో ఉన్న సైటుకు మోడల్ కాంపౌండు గోడ దగ్గర ఆగకూడదు. కొండ నెత్తి దాకా వెళ్లాలి. పైనున్న బండ, దాని కింద వాన నీరు కోసిన గాడి, మధ్యలో ఎవరో తవ్వి వదిలేసిన మెట్టు, ఇవన్నీ మీ సైటు కిందికే లెక్క.

అన్నిటికీ ఒకే లెవెల్

క్యూజీఐఎస్‌లో కొత్త ప్రాజెక్టు తెరిచి, చోటును అంకెల్లో చెప్పే కోఆర్డినేట్ పద్ధతిని ఈపీఎస్‌జీ 32644గా పెట్టండి. భూమిని నిలువు పట్టీలుగా విడదీసే యూటీఎం పద్ధతిలో 44వ మండలం, ఉత్తరార్ధం అన్నమాట. విజయవాడ, గుంటూరు రెండూ ఇందులోనే వస్తాయి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. మనం ఈ మండలం మధ్యరేఖకు బాగా దగ్గర. అక్కడ పటం మీది దూరం నేల మీది దూరం కంటే పదివేలకు నాలుగు పాళ్లు తక్కువ. 100 మీటర్లకు 4 సెంటీమీటర్లు. చుట్టుపక్కల ఇళ్లకు ఇది లెక్కలోకి రాదు. కాలమ్ మార్కింగ్‌కు మాత్రం ఈ పటం నుంచి కొలతలు తీయకండి, టేపుతో కొలిచిన సైటు ప్లానే వాడండి.

ఎత్తుల విషయం ఇంత తేలిక కాదు. జీపీఎస్ చెప్పే ఎత్తు సముద్రమట్టం నుంచి కొలిచినది కాదు, భూమికి లెక్క కోసం ఊహించిన ఒక నున్నటి గోళాకారం నుంచి కొలిచినది. మన ప్రాంతంలో సముద్రమట్టం ఆ ఆకారం కంటే 70 మీటర్లకు పైగా కిందుంటుంది. అందుకే సముద్రమట్టానికి 20 మీటర్ల ఎత్తున్న వీధిలో నిలబడితే డ్రోన్ ఫైలు మైనస్ 50 కంటే కిందికి చూపిస్తుంది. ఇస్రో భువన్‌ వెబ్‌సైటులో దొరికే కార్టోడెమ్ అనే ఎత్తుల పటం కూడా ఆ ఊహా ఆకారం నుంచే కొలుస్తుంది. యూరప్ వాళ్ల కోపర్నికస్ ఎత్తుల పటం ఈజీఎం 2008 అనే సముద్రమట్ట నమూనాను, 2000లో అంతరిక్ష నౌక నుంచి తీసిన ఎస్‌ఆర్‌టీఎం పటం అంతకు ముందుదైన ఈజీఎం 96ను వాడతాయి. ఒక పటంలోని అంకెను ఇంకో పటంలోని అంకెతో నేరుగా కలిపితే లెక్క మొత్తం తప్పుతుంది.

నేను చూసిన ఒక సైటులో డ్రోన్ సర్వే చేసినవాళ్లు, మైనస్ అంకెలు చూస్తే యజమాని కంగారు పడతాడని, అంచనాగా ఒక అంకె కలిపి ఇచ్చేశారు. స్థలం లోపల తేడా తెలియలేదు, ఎందుకంటే లోపలి వాలులన్నీ సరిగ్గానే ఉన్నాయి. మునిసిపల్ కాలువ లెవెల్ వేరే కాగితం నుంచి వచ్చింది. చివరికి పైపు కలపబోతే, మన పైపు నోరు కంటే కాలువ అడుగు పైన తేలింది. అప్పటికే శ్లాబులు పడ్డాయి.

కాబట్టి సైటు దగ్గర ఒక తాత్కాలిక బెంచ్‌మార్కు, అంటే లెవెళ్లన్నిటికీ ఆధారమయ్యే కదలని గుర్తు, పెట్టుకోండి. పాత ఇంటి ప్లింత్ మూల గానీ, కల్వర్టు పిట్టగోడ గానీ మంచి చోటు. దగ్గర్లో సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కు ఉంటే ఆటో లెవెల్‌ (ఎత్తుల తేడా కొలిచే దుర్భిణి పరికరం)తో అక్కడి నుంచి లెవెల్ తెచ్చి, మళ్లీ అక్కడికే వెళ్లి సరిచూడండి. కిలోమీటరు దారికి తేడా 12 మిల్లీమీటర్ల లోపు రావాలి. 4 కిలోమీటర్లయితే 24, అంటే దూరం వర్గమూలంతో గుణించాలన్నమాట. బెంచ్‌మార్కు దొరక్కపోతే మీ గుర్తుకు 100.000 అని పేరు పెట్టి, అది ఊహించిన లెవెల్ అని ప్రతి డ్రాయింగు మీదా రాయండి. గుంటూరు వైపు నల్లరేగడిలో కట్టేవాళ్లకు ఒక మాట: కాంపౌండు గోడ మీద గుర్తు పెట్టకండి. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, తేలికపాటి గోడ దాంతో పాటే పైకీ కిందికీ కదులుతుంది. మే నెలలో పెట్టిన గుర్తు అక్టోబరులో అదే లెవెల్‌లో ఉండదు.

దూరపు నేల

ఓపెన్‌టోపోగ్రఫీ సైటులో కోపర్నికస్ 30 మీటర్ల పటాన్ని ఎంచుకుని, మీ ప్రాంతం చుట్టూ చతురస్రం గీసి దించుకోండి. క్యూజీఐఎస్‌లో వార్ప్ పనిముట్టుతో 32644లోకి మార్చండి. పద్ధతిగా బైలీనియర్ పెట్టండి, లేకపోతే నేల మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

ఇది నేల ఎత్తు కాదని గుర్తుంచుకోండి. రాడార్‌కు ఏది తగిలితే దాని ఎత్తు. కొండల మీద, పొలాల మీద బాగానే ఉంటుంది. బెంజ్ సర్కిల్ లాంటి చోట మేడల పైకప్పులూ, రోడ్లూ, చెట్ల కొసలూ కలగలిసిన ఒక సగటు వస్తుంది. చెట్లనూ ఇళ్లనూ లెక్కతో తీసేసిన ఫాబ్‌డెమ్ అనే రూపం ఉంది గానీ దాన్ని వ్యాపారానికి ఉచితంగా వాడుకోనివ్వరు, చదువు కోసమైతే వాడుకోవచ్చు. పైగా మన ఊరికి ప్రాణమైన ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్లు ఈ పటాల్లో దాదాపు కనిపించవు. కొన్ని మీటర్ల వెడల్పున్న గట్టు 30 మీటర్ల గడిలో కరిగిపోతుంది. నీళ్లు ఎటు వెళ్తాయో నిర్ణయించేది మాత్రం ఆ గట్టే. మీ మోడల్ పరిధిలో కాలువ ఉంటే గట్టు నెత్తిన, రెండు పాదాల దగ్గర లెవెళ్లు మీరే తీసుకోవాలి.

దగ్గరి నేల

ఒక రోజు పూర్తిగా దీనికే ఇవ్వండి. కోణాలూ దూరాలూ కలిపి కొలిచే టోటల్ స్టేషన్ అద్దెకు దొరుకుతుంది. అది లేకపోయినా ఆటో లెవెల్, స్టాఫ్ (నిలబెట్టే కొలత కర్ర), టేపుతో చిన్న ప్లాటుకు సరిపోయేంత పని అవుతుంది. ప్లాటులో 3 నుంచి 5 మీటర్లకొక లెవెల్ తీసుకోండి. అంతకంటే ముఖ్యం, నేల విరిగే చోట్లు వదలకూడదు: గుంట అంచు, పాత పునాది రాయి, మెరక పోసిన చోటు మొదలు, వాలు పాదం. సమదూరంలో తీసిన 60 లెవెళ్ల కంటే విరుపుల మీద తీసిన 25 లెవెళ్లు నేలను నిజంగా చూపిస్తాయి.

తరువాత గేటు దాటి బయటికి రండి. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, అసలు విలువైన లెవెళ్లు ఇక్కడి నుంచే మొదలవుతాయి. రోడ్డు నడుమ, రోడ్డు అంచు, సైడు కాలువ పైఅంచు, కాలువ అడుగు, మ్యాన్‌హోల్ మూత, ఇరుగుపొరుగు ఇళ్ల ప్లింత్. వీధి రెండు చివర్లా, కనీసం 50 మీటర్ల దూరం వరకు. మన ఊళ్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త పొర పడుతుంది. రోడ్డు పైకొస్తుంది, పాత ఇళ్లు పల్లంలో మిగిలిపోతాయి. మీ ప్లింత్‌కు కొలబద్ద పక్కింటి ప్లింత్ కాదు, ఇప్పటి రోడ్డు నడుమ. రేపు ఇంకో పొర పడుతుందని కూడా లెక్కేసుకోవాలి.

ఇరుగుపొరుగును అడగడం కూడా సర్వేలో భాగమే. ‘అమ్మా, మొన్న వరదలో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి?’ అని అడిగితే గోడ మీద మరక చూపిస్తారు. కొంతమంది తలుపు మీద గీత గీసి పెట్టుకున్నారు. ఆ గీత మీద స్టాఫ్ పెట్టి లెవెల్ తీసుకోండి. ఒక ఇంటి మాట మీద ఆగకుండా మూడు నాలుగు ఇళ్ల దగ్గర తీయండి. బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కూడా కనుక్కోండి. కాలువలకు నీళ్లు వదిలాక ఒకసారి, కాలువలు కట్టేసిన వేసవిలో ఒకసారి. సెల్లార్ తవ్వేవాళ్లకు ఈ తేడా ఎన్ని మోటార్లు పెట్టాలో చెబుతుంది.

డ్రోన్ ఎగరేయాలనుకుంటే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ల పటంలో మీ చోటు ఏ రంగులో ఉందో చూడండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయానికి 12 కిలోమీటర్ల లోపు ప్రత్యేక పరిమితులు ఉంటాయి కాబట్టి గన్నవరం దారిలో ఉన్న సైట్లకు ఇది తప్పనిసరి. డ్రోన్ ఎంత బాగా తీసినా కాలువ అడుగునూ చెట్టు కింది నేలనూ చూడలేదు. స్టాఫ్ పట్టుకునే మనిషి అవసరం పోదు.

రెండు నేలలనూ కలపడం

దూరపు పటానికీ మీ లెవెళ్లకూ మధ్య స్థిరమైన తేడా ఎంతో ముందు కనుక్కోవాలి. సైటుకు కొన్ని వందల మీటర్ల లోపు ఖాళీ మైదానాలు, ఆటస్థలాలు, మేడలకు దూరంగా ఉన్న వెడల్పాటి కూడళ్లు ఓ పది ఎంచుకుని అక్కడ లెవెళ్లు తీయండి. అదే చోట పటం ఏమంటోందో చూడండి. పటం అంకె నుంచి మీ లెవెల్ తీసేస్తే వచ్చే పది తేడాలనూ వరుసలో పెట్టి నడిమి విలువ తీసుకోండి. సగటు వద్దు, ఒక్క చెట్టు దాన్ని లాగేస్తుంది. ఆ నడిమి విలువను రాస్టర్ క్యాలిక్యులేటర్‌ (గడి గడికీ లెక్క చేసే పనిముట్టు)తో పటమంతటి నుంచీ తీసేయండి.

ఇప్పుడు పటాన్ని బిందువులుగా మార్చండి. మీరు సర్వే చేసిన ప్రాంతమూ, దాని చుట్టూ మరో 30 మీటర్లూ కలిపి ఒక హద్దు గీసి, ఆ లోపల పడిన పటం బిందువులన్నిటినీ తొలగించండి. మిగిలినవాటికి మీ లెవెళ్లు చేర్చి, బిందువులను త్రిభుజాలతో కలిపి నేలను అల్లే టిన్ ఇంటర్‌పొలేషన్ నడపండి. కాలువ అంచులు, గట్లు, రోడ్డు అంచులను బ్రేక్‌లైన్లుగా, అంటే త్రిభుజాలు దాటకూడని గీతలుగా ఇవ్వండి. ఇవ్వకపోతే త్రిభుజాలు కాలువను అడ్డంగా దాటి దాన్ని పూడ్చేస్తాయి. కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గర్లో పావు మీటరుకు, కొండ వైపు 2 మీటర్లకు గీసి చూడండి. ఎక్కడైనా ఎద్దుకన్నులా గుండ్రంగా కాంటూరు వస్తే అక్కడ ఒక లెవెల్ తప్పు రాసుకున్నారని అర్థం.

ఇళ్లు

క్విక్‌ఓఎస్‌ఎం ప్లగిన్‌తో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం నుంచి ఇళ్ల ఆకారాలు తెచ్చుకోండి. అందులో లేనివి గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్‌లో దొరుకుతాయి. రెండూ ఉపగ్రహ చిత్రాల నుంచి గీసినవే కాబట్టి ఎత్తైన మేడల పైకప్పు పక్కకు ఒరిగి, ఆకారం ఒకటి రెండు మీటర్లు జరిగి ఉంటుంది. ఆనుకుని ఉన్న రెండు మేడలు ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. మీ ప్లాటును తాకే ఇళ్లను టేపుతో కొలిచి మళ్లీ గీయండి. మిగతావాటిని ఉన్నచోటే వదిలేయవచ్చు.

ఎత్తు కోసం వీధిలో నడిచి అంతస్తులు లెక్కపెట్టండి. మన అపార్టుమెంట్లకు నేను వాడే లెక్క ఇది: స్టిల్ట్‌కు (స్తంభాల మీద వదిలిన పార్కింగు అంతస్తుకు) 2.6 మీటర్లు, ఒక్కో అంతస్తుకు 3, పిట్టగోడకు 1. స్టిల్ట్ మీద ఐదంతస్తులైతే 18.6 మీటర్లు వస్తుంది. దానిమీద మెట్ల గది, లిఫ్ట్ గది, నీళ్ల ట్యాంకు. వీటిని చిన్న పెట్టెలుగా వేరుగా గీయండి, క్రేన్ చేతికి తగిలేవి అవే. గోడ ఆనుకుని ఉన్న ఇళ్లను మాత్రం లేజర్ మీటరుతో కొలవండి. ఈ ఎత్తులన్నీ ఇళ్ల పొరలో ఒక నిలువు వరుసగా రాసుకోండి. ఇంటి అడుగు లెవెల్ కోసం జోనల్ స్టాటిస్టిక్స్‌తో ప్రతి ఆకారం కింద నేల కనిష్ఠ ఎత్తు తీసుకుని, అక్కడి నుంచి లేపండి. సగటు తీసుకుంటే కొండ వాలున ఉన్న ఇళ్ల కింద ఒక వైపు గాలి కనిపిస్తుంది.

పక్కింటి కింద ఏముందో ఏ ఉపగ్రహమూ చెప్పదు. పాత పెంకుటింటికి పునాది మోకాటి లోతు ఉండవచ్చు, పక్కన మీరు మూడు మీటర్లు తవ్వబోతున్నారు. ఆ ఇంటాయన్ని అడగండి, కట్టిన మేస్త్రి ఉంటే ఆయన్ని అడగండి, ఒప్పుకుంటే గోడ పక్కన చిన్న గుంట తీసి చూడండి. తెలిసిన లోతును నేల కింద పెట్టెగా మోడల్‌లో పెట్టండి. ఆ ఇంట్లో మనుషులు పడుకుంటారు.

సందులు, తీగలు, చెట్లు

పటమటలో ఒక పని. మోడల్‌లో సందు 20 అడుగులు, కాగితం మీద కూడా అంతే. శ్లాబు రోజు మిక్సర్ మలుపు దగ్గరే ఆగిపోయింది. రెండు వైపులా ఇళ్ల ర్యాంపులు, మెట్లు, మోటారు పెట్టెలు రోడ్డు మీదికి వచ్చి, మిగిలింది 11 అడుగులు. రెండున్నర మీటర్ల వెడల్పున్న బండి నేరుగా వెళ్లగలదు గానీ మలుపు తిరగలేదు. అప్పటి నుంచి రోడ్డు వెడల్పును హద్దు నుంచి హద్దుకు కొలవడం మానేసి, ర్యాంపు నుంచి ర్యాంపుకు కొలుస్తున్నాను. ప్రతి మలుపు దగ్గరా కొలవండి.

కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మరు, తీగల ఎత్తు తప్పకుండా పెట్టండి. 11 కేవీ తీగకూ భవనానికీ మధ్య పక్కకు 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఎడం ఉండాలన్నది నిబంధన. మోడల్‌లో తీగ చుట్టూ అంత మందం గొట్టం గీస్తే మీ బాల్కనీ దాంట్లోకి వస్తోందో లేదో వెంటనే తెలుస్తుంది. అది పూర్తయిన భవనానికి చెప్పిన ఎడం. పరంజా కట్టే ఇనుప గొట్టాలకు, బూమ్ పంపుకు అది చాలదు. అలాంటి చోట లైను ఆపించి పని చేయించాలి. తీగను ముట్టుకోకుండా, కింద నుంచి లేజర్‌తోనే కొలవండి.

త్రీడీలోకి

మన ఊళ్లో ఈస్టింగ్ (తూర్పు కొలత) 4,62,000, నార్తింగ్ (ఉత్తరపు కొలత) 18,25,000 మీటర్ల చుట్టూ ఉంటాయి. ఇంత పెద్ద అంకెలతో బ్లెండర్‌లోకి నేరుగా తెస్తే గోడలు వణుకుతాయి, గీతలు కలవవు. బ్లెండర్ దాచుకునే 32 బిట్ల అంకెలకు ఆ పరిమాణంలో పన్నెండున్నర సెంటీమీటర్ల కంటే సన్నటి తేడా తెలియదు. కాబట్టి బయటికి తీసే ముందే ప్రతి పొర నుంచీ ఒకే పెద్ద అంకెను తీసేసి, ప్లాటు నైరుతి మూల సున్నా అయ్యేలా జరపండి. ఎంత జరిపారో ఫైలు పేరులోనే రాయండి. క్యూజీఐఎస్ త్రీడీ కిటికీలో నేలనూ, ఎత్తు వరుస ఆధారంగా ఇళ్లనూ లేపి, దృశ్యాన్ని ఓబీజే ఫైలుగా తీసుకోవచ్చు.

నీడ చూసేటప్పుడు మూడు రోజులు పెట్టండి. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 18 మీటర్ల మేడ నీడ ఉత్తరానికి పదిహేను మీటర్లు పడుతుంది. జూన్ 21న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, దక్షిణపు గోడకు ఆ సమయంలో ఎండే ఉండదు. మే మొదటి వారంలో సరిగ్గా నెత్తిన. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి పడమటి గోడను చూడండి, ఇక్కడ ఇంటిని కాల్చేది ఆ ఎండే.

తరువాత వరద గీత లెవెల్‌లో ఒక నీలి పలకను మోడలంతటా పరచండి. మీ గేటు, సెల్లార్ ర్యాంపు నెత్తి, జనరేటరు దిమ్మె, లిఫ్ట్ గుంట, కరెంటు మీటర్ల బోర్డు ఆ పలకకు పైనున్నాయో కిందున్నాయో చూడండి. ర్యాంపు నెత్తి కిందుంటే దాన్ని ఇప్పుడు పెంచడం ఒక గీత మార్చడమే. ఇంకో విషయం కూడా ఈ పలక చూపిస్తుంది: మీరు మెరక తోలించి లేపితే ఇంతకాలం మీ ఖాళీ స్థలంలో నిలిచిన నీళ్లు ఎవరింట్లోకి వెళ్తాయో. అది కనిపించాక కాలువకు దారి వదలకుండా గోడ కట్టకండి.

ఎక్కించే ముందు సరిచూడండి

సర్వే రోజు తీసిన లెవెళ్లలో పదింటిని మోడల్‌లోకి ఎక్కించకుండా పక్కన పెట్టండి. చివర్లో ఆ చోట్ల మోడల్ ఏమంటోందో చూడండి. ప్లాటు లోపల తేడా 5 సెంటీమీటర్లు, రోడ్డు మీద 10 దాటితే బ్రేక్‌లైన్లు మళ్లీ చూడండి. దూరపు నేలలో 2, 3 మీటర్ల తేడా ఉంటుంది, దాన్ని సరిచేయాలని చూడకండి. వేరే రంగు వేసి, ‘కొలవలేదు’ అని మోడల్‌లోనే రాసి పెట్టండి.

చివరి పని సైటులో. బెంచ్‌మార్కు గుర్తు పక్కన దాని లెవెల్, రోడ్డు నడుమ లెవెల్, ప్లింత్ లెవెల్, వరద గీత లెవెల్, నాలుగూ ఎర్ర పెయింటుతో గోడ మీద రాయించండి. మేస్త్రిని పిలిచి ఒక్కో అంకె దేనిదో చూపించి, ప్లింత్ గీతను ఆయన చేతే దారంతో పట్టించండి.